తాతాజీ మెడలో కండువా

అల్లిపాడులో తాతాజీని ఏదైనా అడిగి లేదనిపించుకున్న మనిషి లేడు. నిచ్చెన కావాలన్నా, ధాన్యం మీద కప్పుకునే బరకం కావాలన్నా, పొరుగూరి సంబంధం చూసి రావడానికి తోడు కావాలన్నా ఊళ్ళోవాళ్ళు ముందు ఆయన గుమ్మంలోకే వెళతారు. ఆయన పంచె సర్దుకుంటూ లేచి, "ఆయ్, అలాగేనండి" అంటాడు. ఒకసారి ఒకే ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళకు పిలుపులొస్తే ముగ్గురికీ అలాగేనండి అన్నాడు. అన్న పాపానికి మూడు పందిళ్ళలోనూ విస్తరి ముందు కూర్చుని, వడ్డించేవాళ్ళను ఎక్కడా వద్దనలేక, తర్వాత రెండు రోజులు మజ్జిగ తాగి పడుకున్నాడు. ఆయన భార్య రత్నమాణిక్యం ఆ మజ్జిగ గ్లాసు అందిస్తూ, తినడానికి తెరిచిన నోరు వద్దనడానికి కూడా తెరిచి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కాదు కదా అంది. దానికీ ఆయన అలాగేలే అన్నాడు.

ఇది తాతాజీ ఒక్కడి జబ్బు కాదు. గోదావరి నీళ్ళు తాగిన ప్రతివాళ్ళకూ ఎంతో కొంత ఉంటుంది. ఎదురుగా వచ్చి అడిగిన మనిషి మొహం చిన్నబుచ్చి పంపడం ఇక్కడ తప్పు కింద లెక్క. ఊరివాళ్ళు ఒకరి సంగతి ఒకరికి తెలుసు కనుక ఈ మర్యాదతో ఎవరికీ నష్టం రాదు. నష్టమల్లా ఈ మర్యాదను బయటివాళ్ళు వాడుకున్నప్పుడే. అలా వాడుకోవడం వచ్చినవాళ్ళు ఎన్నికల ముందు వానపాముల్లా పైకి తేలతారు.

ఆ ఏడు ఎండాకాలం, దాళ్వా పంట కోతలవుతుండగా ఎన్నికలు వచ్చాయి. ద్రాక్షారామం నుంచి పంట కాలువ గట్టు వెంట వెళితే వచ్చే చిన్న ఊరు అల్లిపాడు. ఉన్న ఇళ్ళను రెండు పార్టీలవాళ్ళూ పెళ్ళివారు విడిదిళ్ళు పంచుకున్నట్టు పంచుకున్నారు. ఆ ఇల్లు మనది, ఈ ఇల్లు వాళ్ళది, ఆ వీధి మొత్తం మనదే. ఇంట్లో ఉన్న మనుషులు ఏమనుకుంటున్నారో అడగాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. తాతాజీ ఇల్లు రెండు పార్టీల లెక్కలోనూ ఉంది. ఇద్దరూ వచ్చి అడిగారు, ఇద్దరికీ ఆయన అలాగేనండి అన్నాడు మరి.

నిజానికి తాతాజీ ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోలేదు. అందుకు కారణం ఊరి చివరి మురుగు కాలువ. పొలాల్లో నీరంతా దిగాల్సిన ఆ కాలువ ఎన్నో ఏళ్ళుగా పూడిపోయి, పైన గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని, కొత్తవాళ్ళ కంటికి పచ్చిక బయలులా కనిపిస్తుంది. గట్టిగా వాన పడితే నీరు పోయే దారి లేక చేలల్లోనే నిలబడిపోతుంది. కిందటి వానాకాలం సార్వా పంటలో, రేపో మాపో కోతకు దిగుదామనుకుంటుండగా, తాతాజీ కౌలుకు చేస్తున్న మూడెకరాల చేను నీళ్ళలో పడుకుంది. వెన్ను మీదే గింజ మొలకెత్తింది. భార్యాభర్తలిద్దరూ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి పడిపోయిన చేనును లేపి కట్టలు కడుతుంటే, చేతికొచ్చింది పచ్చగా మొలకలేసిన వెన్నులే.

ఈ కాలువ గురించి ఎవరు నోరు విప్పుతారో విని, అప్పుడు తేల్చుకుందామని తాతాజీ అనుకున్నాడు. ఇంతకంటే సబబైన ఆలోచన ఏముంటుంది? కానీ మన ఊళ్ళలో ఇంకా తేల్చుకోని మనిషంటే అందరికీ లోకువ. గోడ మీద పిల్లి అంటారు. ఒక్క ముక్కా వినకుండా తేల్చేసుకున్నవాడేమో మాట మీద నిలబడే మనిషట, విని తేల్చుకుంటానన్నవాడేమో పిల్లట! ఈ చోద్యం మనకు ఎవరు నేర్పారో గాని బాగానే నేర్చుకున్నాం.

ఒకరోజు మధ్యాహ్నం జానకిరామ్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. శివరామకృష్ణ అనే అభ్యర్థి తరఫున ఊళ్ళో తిరిగే కుర్రాడు. తాతాజీకి వరసకు అన్న కొడుకు. సాయంత్రం రైసుమిల్లు కళ్ళంలో మీటింగుందని, పెద్దవాళ్ళు ముందు వరసలో కూర్చుంటే సభకు నిండుతనం వస్తుందని అన్నాడు.

తాతాజీ ఆ రోజు కాస్త జాగ్రత్తగానే మాట్లాడాడు. "వస్తానబ్బాయ్. వినడానికి వస్తాను. ఇంకా ఏమీ అనుకోలేదు మరి."

"వినడానికే బాబాయ్. నువ్వొచ్చి కూచుంటే చాలు" అన్నాడు జానకిరామ్.

దాళ్వా ధాన్యం ఎత్తేసి ఊడ్చిన కళ్ళం మీద కుర్చీలు వేశారు. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. పొదుపు సంఘాల ఆడవాళ్ళను రమ్మని గట్టిగా చెప్పారు కనుక వాళ్ళు ఎండ తగ్గకముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో రత్నమాణిక్యం కూడా ఉంది. అభ్యర్థి రావలసిన వేళకు రాలేదు. వచ్చాక మాత్రం తీరుబడిగా మాట్లాడాడు. ఎదుటి పార్టీవాళ్ళ తాతల దగ్గర నుంచీ మొదలుపెట్టి తిట్టాడు. పోలవరం దాకా వెళ్ళాడు, ఢిల్లీ దాకా వెళ్ళాడు. కూతవేటు దూరంలో ఉన్న మురుగు కాలువ దాకా మాత్రం రాలేదు. తాతాజీ ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. ఉపన్యాసం జై కొట్టే చోటికి వచ్చేసింది. ఇక ఆగలేక, అడిగేద్దామని చెయ్యెత్తాడు.

అదే ఆయన చేసిన పొరపాటు.

"చూశారా, మన తాతాజీ గారు ఎంత ఉత్సాహంగా చెయ్యెత్తారో" అని మైకులో జానకిరామ్ గొంతు మోగింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, పెద్దాయన్ని పెద్దాయన్ని అంటూ చెరో రెక్క పట్టుకుని వేదిక మీదికి ఎక్కించారు. అడగడానికి ఇదే మంచిదనుకుంటూ ఆయన ఎక్కాడు. ఎక్కేసరికి అభ్యర్థి చేతుల్లో కండువా ఉంది. కండువా పట్టుకుని ఒక మనిషి ఎదురుగా నిలబడితే తల వంచకుండా ఉండడం తాతాజీకి రాదు. అరవై ఏళ్ళుగా శాలువా ముందూ, పూలదండ ముందూ, అక్షింతల ముందూ వంగిన మెడ తనంత తానే వంగింది. కండువా పడింది. ఫోటోలు తీశారు. తాతాజీ గారితో పాటు ఆయన ఉండే పడమటి వీధి యావత్తూ ఈ రోజు మన పార్టీలో చేరిందని మైకు చెప్పింది. చప్పట్లు కొట్టారు.

"అది కాదండి, మా మురుగు కాలువ..." అని తాతాజీ అనబోయాడు.

"అలాగే పెద్దాయనా, అలాగే. చూద్దాం" అని అభ్యర్థి ఆయన భుజం తట్టి, కెమెరా ఎటుందో చూసుకుని అటు తిరిగాడు.

ఇంటికొచ్చాక రత్నమాణిక్యం ఆయన మెడలో కండువా తానే తీసి దండెం మీద వేసింది. "మీటింగు విని వస్తారనుకున్నాను. పెళ్ళికొడుకై వస్తారనుకోలేదు" అంది.

ఆ ఎగతాళిని తాతాజీ దిగమింగుకున్నాడు గాని, పొద్దున్నే గుమ్మంలోకి వచ్చిన వీరబ్రహ్మం మాటను దిగమింగలేకపోయాడు. వీరబ్రహ్మం పక్కింటి మనిషి. అతనూ కౌలుకు చేసుకునేవాడే. కష్టంలోనూ సుఖంలోనూ తోడున్నవాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"పడమటి వీధంతా చేరిపోయిందంట కదా. నేనూ ఆ వీధిలోనే ఉన్నానన్నయ్యా. నన్నడక్కుండా నన్ను కూడా నీ మెడకి కట్టుకుని తీసుకెళ్ళిపోయావా?"

నేను చెప్పలేదు, వాళ్ళే చెప్పారు అన్నాడు తాతాజీ. వాళ్ళు చెబుతుంటే నువ్వు పక్కనే నిలబడ్డావు కదా అని వీరబ్రహ్మం వెళ్ళిపోయాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అంత గుచ్చుకుంది.

అప్పటికి ఫోటో ఊళ్ళో అందరి ఫోనుల్లోకీ వెళ్ళింది. చంద్రరావు గారి ఫోనులోకి కూడా వెళ్ళింది. తాతాజీ చేస్తున్న మూడెకరాలూ ఆయనవే. రెండో పార్టీకి ఊళ్ళో పెద్ద దిక్కు కూడా ఆయనే. దాళ్వా ఎత్తేశాక కౌలుదారు ఒక అరటిపండ్ల హస్తం, తమలపాకులు పట్టుకుని పొలం ఆసామి ఇంటికి వెళ్ళడం, ఆయన అవి అందుకుని సరే, చేసుకో అనడం ఆ ఊరి పద్ధతి. కాగితం ముక్క ఉండదు. వచ్చే ఏడాది తిండి గింజలన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి. తాతాజీ ఇరవై ఏళ్ళుగా ఆ మాట మీదే బతుకుతున్నాడు. ఆ ఏడు ఆయన అరటిపండ్లు పట్టుకెళ్ళకముందే అక్కడి నుంచి కబురొచ్చింది.

చంద్రరావు గారు చెడ్డవారు కాదు. కోపంగా కూడా మాట్లాడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కాఫీ ఇప్పించారు. ఆ తర్వాత ఫోను ఇటు తిప్పి ఫోటో చూపించారు.

"ఏంటి తాతాజీ ఇది? మన పొలం చేసుకుంటా, ఆళ్ళ కండువా కప్పుకుంటే నా పరువేం గాను? సరే, అయిందేదో అయింది. రేపు సాయంత్రం మన అభ్యర్థి శ్రీనివాసరాజు గారు వస్తున్నారు. వేదికెక్కి, పొరపాటు జరిగిందని చెప్పి, ఆయన చేత్తో మన కండువా కప్పించుకో. కౌలు మాట తర్వాత మాటాడుకుందాం."

తాతాజీ చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయింది. అలవాటైన మాటే బయటికొచ్చింది. "అలాగేనండి."

ఇంటికి తిన్నగా పోకుండా చేల మీదుగా వెళ్ళాడు. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క పూసింది. లేత ఊదా రంగు పూలు, చూడ్డానికి ఎంత బాగున్నాయో. వాటిని చూస్తుంటే తాతాజీకి ఒళ్ళు మండిపోయింది. ఆ కోపం పూల మీద కాదు, జానకిరామ్ మీద కాదు, చంద్రరావు గారి మీద కూడా కాదు. తన మీద తనకే. నిన్న ఒకరు కప్పారు, రేపు ఇంకొకరు కప్పుతారు, ఈ కాలువ ఇలాగే పూస్తూ ఉంటుంది, సార్వాకు చేను మళ్ళీ పడుకుంటుంది. ఇంతకీ నేనేమనుకుంటున్నానని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అడగకపోతే పోయె, నేనైనా చెప్పానా?

భోజనాల దగ్గర భార్యకు చంద్రరావు గారి మాటంతా చెప్పాడు. కాదనడం నా నోటికి రాదు మాణిక్యం, ఏం చేయను అన్నాడు.

రత్నమాణిక్యం గరిటె పక్కన పెట్టింది. "నోటికి రాకపోవడమేంటి? నేను వంకాయ కూరంటే కాదు బెండకాయంటారు. పుట్టింటికి వెళ్ళొస్తానంటే ఇప్పుడు కాదంటారు. పెళ్ళయిన కాడి నుంచీ మీ కాదులన్నీ నేనే విన్నాను. ఊళ్ళోవాళ్ళకి అలాగేనండీలు, నాకు కాదులూనా? ఒక్కటి తీసుకెళ్ళి ఆళ్ళకి కూడా ఇవ్వండి."

తాతాజీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. "పొలం పోతే?"

"పోతే కూలికెళదాం. ఎప్పుడూ ఎళ్ళలేదా ఏంటి?" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి అంది. "నాకు మాత్రం భయం లేదనుకున్నారా? ఉంది. కాని నీళ్ళల్లో మునిగిపోయే పొలం కోసం ఇద్దరి ముందూ మెడ వంచుకుంటా పోతే, రేపు వీరబ్రహ్మం మొహం ఎలా చూస్తాం?"

ఆ రాత్రి ఆవిడ దండెం మీది కండువా తీసి, ఉతికి ఆరేసింది. మర్నాడు మడత పెట్టి భర్త చేతి సంచిలో పెట్టింది. ఎవరిది వాళ్ళకు శుభ్రంగా ఇవ్వాలి కదా అంది.

రెండో మీటింగు పంట కాలువ వంతెన పక్కన సెంటరులో. అక్కడా అవే కుర్చీలు. మొన్న శివరామకృష్ణ గారికి కొట్టిన చప్పట్లే ఈ రోజు శ్రీనివాసరాజు గారికీ కొట్టడానికి అవే చేతులు వచ్చాయి. పార్టీవాళ్ళు రోడ్డు మొదట్లోనే నిలబడి, వచ్చినవాళ్ళ మెడలో వచ్చినట్టే ఒక్కొక్క కండువా వేసేస్తున్నారు. ఉపన్యాసం కూడా అటూ ఇటూగా అదే. తిట్టే పేర్లు మారాయి, అంతే. తాతాజీ ముందు వరసలో కూర్చుని మొత్తం విన్నాడు. మనిషి వచ్చిన పని వినడమే కనుక, ఆఖరి మాట దాకా ఆశ వదులుకోలేదు. మురుగు కాలువ రాలేదు.

చంద్రరావు గారు మైకు తీసుకున్నారు. మన తాతాజీ మొన్న దారి తప్పాడనీ, ఇవాళ సొంత గూటికి వస్తున్నాడనీ చెప్పారు. తాతాజీ మెట్లెక్కాడు. శ్రీనివాసరాజు గారు కొత్త కండువా విప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ఫోనులన్నీ పైకి లేచాయి.

తాతాజీ మెడ వంగబోయింది. అలవాటు కదా. ఆడవాళ్ళ వరసలో రత్నమాణిక్యం కొంగు గుప్పెట్లో బిగించి పట్టుకుంది. సగం వంగిన మెడ అక్కడే ఆగింది. మళ్ళీ నిదానంగా పైకి లేచింది. ఆయన రెండు చేతులూ జోడించి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"క్షమించాలండి. కప్పించుకోనండి."

సభలో చిన్న గుసగుస లేచి ఆగిపోయింది. చంద్రరావు గారు నవ్వు మొహంతోనే ఆయన మోచెయ్యి పట్టుకుని, ఏంటిది, కానియ్యి అన్నారు. తాతాజీ ఆ చెయ్యి విడిపించుకోలేదు, విదిలించనూ లేదు. మైకు ఒకసారి ఇప్పించండి అన్నాడు. పొరపాటు జరిగిందని చెప్పడానికే కాబోలనుకుని ఆయనే అందించారు.

"పొరపాటు జరిగిన మాట నిజమేనండి" అన్నాడు తాతాజీ. "మొన్న ఆ మీటింగులో నేను చెయ్యెత్తింది అడగడానికండి. చేరడానికనుకున్నారు. కండువా కప్పుతుంటే కాదంటే బాగోదని తల వంచానండి. తప్పు నాదే. ఇదిగోండి, సంచిలోనే ఉంది, ఆళ్ళకిచ్చేస్తాను. అందుకని మీదీ వద్దండి. ఎవరికి వెయ్యాలో నేనింకా తేల్చుకోలేదండి. తేల్చుకుందామనే రెండు మీటింగులకీ వచ్చాను. పడమటి వీధి సంగతి నాకు తెలవదండి. ఎవరి సంగతి ఆళ్ళనే అడగాలి. మా ఇంటావిడ ఓటు సంగతి కూడా నాకు తెలవదు. ఆవిణ్ణే అడగండి."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. ఎగతాళి నవ్వు కాదది. తాతాజీ ఊపిరి తీసుకున్నాడు.

"మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నదంతా విన్నానండి. మా మురుగు కాలువ మాట ఒక్కళ్ళ నోట్లోంచీ రాలేదు. ఆ నీళ్ళల్లో చేను పడుకుంటే మీ పార్టీవాళ్ళదీ పడుకుంటది, ఆళ్ళదీ పడుకుంటది."

శ్రీనివాసరాజు గారు అనుభవం ఉన్న మనిషి. కండువా పక్కవాళ్ళ చేతికిచ్చి, చిరునవ్వుతో ముందుకొచ్చారు. "ఓస్, ఇంతేనా పెద్దాయనా. దానికేం భాగ్యం? అలాగే. గెలవగానే తవ్వించేద్దాం."

తాతాజీ ఆయన మొహంలోకి చూశాడు. మొన్న ఆ అభ్యర్థి భుజం తడుతూ అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట, ఆ మెత్తదనం, ఆ తప్పించుకుపోయే చూపు. ఇవన్నీ ఎక్కడో బాగా ఎరిగినవే అనిపించింది. ఎక్కడో కాదు, తన దగ్గరే.

"ఆ అలాగే నాదండి" అన్నాడు. "ఊహ తెలిసిన కాడి నుంచీ అందరితోటీ నేనంటున్నదే. మనసులో లేకపోయినా, ఎదుటోళ్ళని సాగనంపడానికి అంటానండి. దాని బరువెంతో నాకు తెలిసినంత మీక్కూడా తెలవదు. అది నాకొద్దండి. మురుగు కాలువ ఇక్కడికి కూతవేటు దూరమే. రండి, గట్టు మీద నిలబడి, ఎప్పుడు తవ్విస్తారో, ఎలా తవ్విస్తారో చెప్పండి. నచ్చితే ఓటేస్తాను. అవతలాయన్ని కూడా ఇదే అడుగుతాను."

శ్రీనివాసరాజు గారు చంద్రరావు గారి వంక చూశారు. చంద్రరావు గారు వాచీ వంక చూసుకున్నారు. ఇంకా రెండు ఊళ్ళు తిరగాలనీ, మరోసారి తప్పకుండా వస్తామనీ ఎవరో మైకులో అన్నారు. కార్లు కదిలాయి.

తాతాజీ వేదిక దిగి వస్తున్నాడు. అప్పుడు మూడో వరసలోంచి వీరబ్రహ్మం లేచాడు. రోడ్డు మొదట్లో తన మెడలో వేసిన కండువా తీసి, మడత పెట్టి, కూర్చున్న కుర్చీలో పెట్టాడు. పదన్నయ్యా, ఇంటికి పోదాం అన్నాడు. అతని వెనక ఇంకొకరు తీశారు. తర్వాత ఆడవాళ్ళు. ఎవరూ నినాదాలు చేయలేదు, ఎవరినీ తిట్టలేదు. సెంటరు ఖాళీ అయ్యేసరికి కుర్చీల్లో మనుషులకు బదులు మడత పెట్టిన కండువాలు కూర్చుని ఉన్నాయి.

భార్యాభర్తలు భయపడ్డంత పనీ చేశారు చంద్రరావు గారు. తాతాజీ అరటిపండ్లూ తమలపాకులూ పట్టుకెళితే అందుకోలేదు. ఆ మూడెకరాలు చెయ్యమని వీరబ్రహ్మాన్ని పిలిచారు. వీరబ్రహ్మానికి పొలం అవసరం లేక కాదు, కొండంత అవసరం ఉంది. అయినా చేతులు కట్టుకుని నిలబడి, "కాదండి. అది తాతాజీ చేసే పొలమండి" అన్నాడు. మరొకరిని పిలిచారు. ఆయనా అదే మాటన్నాడు. చంద్రరావు గారు పంపిన మనిషికి ప్రతి ఇంట్లోనూ మంచం వాల్చారు, మంచినీళ్ళిచ్చారు, మజ్జిగిచ్చారు, కాదండి అన్నారు. మర్యాద ఎక్కడా తగ్గలేదు. ఎవరూ పొలంలో దిగలేదు.

పోలింగు రోజు పొద్దున్నే స్కూలు దగ్గర వరస కట్టారు. చంద్రరావు గారూ వచ్చారు. ముందుకు రమ్మని ఎవరో పిలిచినా, ఆ రోజు చూసేవాళ్ళు ఎక్కువగా ఉన్నారు కనుక వరసలోనే నిలబడ్డారు. నిలబడింది సరిగ్గా తాతాజీ వెనక. కాసేపు ఇద్దరూ ఎండను గురించి మాట్లాడుకున్నారు. తర్వాత చంద్రరావు గారు గొంతు తగ్గించారు.

"పంతాలెందుకు తాతాజీ. లోపలికెళ్ళి మన గుర్తు మీద నొక్కు. ఏరువాకకి నీ పొలంలో నువ్వు దిగు. మూడో కంటివాడికి తెలీదు."

అడుగుతున్నది పెద్దమనిషి. మెత్తగా, ఆప్యాయంగానే అడుగుతున్నాడు. పొలం తిరిగి వస్తుంది. అలాగేనండి అనేసి లోపలికెళ్ళి తన ఇష్టం వచ్చినట్టు నొక్కి రావచ్చు. పాత తాతాజీ అయితే అదే చేసేవాడు. అదే తెలివి అని కూడా అనుకునేవాడు.

తాతాజీ వెనక్కి తిరిగాడు. "కాదండి" అన్నాడు. పక్కవాళ్ళకు వినపడేంత గట్టిగా అన్నాడు. "పొలం మీదండి. ఇస్తే ఇరవై ఏళ్ళు చేసినట్టే ప్రాణం పెట్టి చేస్తాను. ఇవ్వకపోతే మీ ఇష్టం. ఓటు మాత్రం నాదండి. దాన్ని కౌలుకివ్వను."

వరసలోవాళ్ళు ఇటు తిరిగి చూశారు. చంద్రరావు గారు నలుగురి మొహాలూ చూశారు. ఆయన పొలం దున్నాల్సినవాళ్ళూ, నాటాల్సినవాళ్ళూ, కోయాల్సినవాళ్ళూ అందరూ ఆ వరసలోనే ఉన్నారు. ఆయన తల దించుకుని, జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

తొలకరి పడ్డాక ఆ మూడెకరాల్లో దిగింది తాతాజీయే. ఆసామికి దయ పుట్టి ఇవ్వలేదు, ఇంకెవరూ దిగరని తేలిపోయి ఇచ్చారు. గెలిచిన మనిషిని మళ్ళీ ఊళ్ళోకి వచ్చినప్పుడు జనం సెంటరులో ఆపలేదు, మురుగు కాలువ గట్టు మీదికి నడిపించుకుపోయారు. కాలువ ఇంకా పూర్తిగా బాగుపడలేదు. ఊరు అడగడమూ మానలేదు.

పోలింగు రోజు సిరా చుక్క పడిన వేళ్ళతో ఇద్దరూ ఇంటికి నడిచి వస్తుంటే, ఇంతకీ ఎవరికి వేశారని రత్నమాణిక్యం అడిగింది. తాతాజీ చెప్పనన్నాడు. నేనూ చెప్పను లెండి అంది ఆవిడ. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

అయ్యలారా, అమ్మలారా! ఎదుటి మనిషి ముందు మెడ వంచడం మన సంస్కారం, దాన్ని వదులుకోవలసిన పని లేదు. కానీ ఓటు అడగడానికి వచ్చినవాడి ముందు నిటారుగా నిలబడి, విని, అడిగి, అవసరమైతే కాదండి అనగలగడమే ఓటున్న మనిషికి మర్యాద.